ముక్కులో కండ, కాగితంలో ఇస్నోఫీలియా: రక్తపరీక్షను చదువుకోవలసిన తీరు

ఒడిశాలోని పర్లాకిమిడిలో గానీ, గుణుపురంలో గానీ, రాయగడలో గానీ నెలల తరబడి ముక్కు మూసుకుపోయి కూర వాసన కూడా తెలియని మనిషిని ఏమైందని అడిగితే, "నాకు ఇస్నోఫీలియా ఉందండీ" అన్న సమాధానమే ఎక్కువగా వస్తుంది. ఆ మాట మన తెలుగు ఇళ్లలో ఒక జబ్బు పేరుగా స్థిరపడిపోయింది. నిజానికి రక్తంలో ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్లకణాలు ఎక్కువయ్యాయని మాత్రమే దాని అర్థం. అవి ఎందుకు ఎక్కువయ్యాయో ఆ మాట చెప్పదు. నేను పదహారేళ్లుగా పర్లాకిమిడిలో ఒక ల్యాబులో రక్తపు స్లైడ్లు చదివే పని చేస్తున్నాను. ఈ అనుభవంలో నాకు గట్టిగా తెలిసివచ్చినది ఒక్కటే. రక్తం ఏ రోజు, ఏ వేళ, ఏ మందులు వాడుతుండగా ఇచ్చారో పక్కన రాసి ఉంటేనే ఆ అంకెకు అర్థం ఉంటుంది. అది లేకపోతే అదే అంకె మనిషిని తప్పుదారి పట్టిస్తుంది.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. ముక్కులో కండ ఉన్నదీ లేనిదీ రక్తపరీక్ష చెప్పలేదు. ముక్కు దిబ్బడ లేదా ముక్కు కారడం, వాటికి తోడు వాసన తగ్గడం గానీ ముఖం బరువెక్కి నొప్పిగా ఉండడం గానీ 12 వారాలకు మించి సాగితే దానిని దీర్ఘకాలిక సైనసైటిస్ అని అనుమానిస్తారు. చెవి, ముక్కు, గొంతు వైద్యులు సన్నని గొట్టంతో లోపల చూసిగానీ, సీటీ స్కాన్ తీయించిగానీ దానిని నిర్ధారిస్తారు. ఆ చూపులో ద్రాక్షపండ్ల గుత్తిలా, పాలిపోయిన బూడిదరంగులో, ముట్టుకున్నా నొప్పి లేకుండా వేలాడే మెత్తని ముద్దలే మనం ముక్కులో కండ అని, దుర్మాంసం అని పిలుస్తున్న పాలిప్‌లు. అవి సాధారణంగా రెండు రంధ్రాలలోనూ ఉంటాయి. ఒక్క వైపు మాత్రమే కండ కనిపించినా, ఆ వైపు నుంచి రక్తం వస్తున్నా రక్తపరీక్షల గురించి ఆలోచిస్తూ కాలం గడపకూడదు. అక్కడ కావలసినవి స్కాను, ముక్క పరీక్ష (బయాప్సీ). కనుగుడ్డు వాచినా, ఒకటి రెండుగా కనిపించినా, జ్వరంతో పాటు భరించలేని తలనొప్పి వచ్చినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

అలాంటప్పుడు రక్తపరీక్ష దేనికి? లోపల జరుగుతున్న వాపు ఏ తరహాదో తెలుసుకోవడానికి. పాలిప్‌లు ఉన్నవారిలో ఎక్కువమందికి ఇసినోఫిల్ కణాలు, ఇంటర్‌ల్యూకిన్ 4, 5, 13 అనే సంకేత ప్రోటీన్లు కలిసి నడిపే వాపు ఉంటుంది. దీనినే వైద్యులు టైప్ 2 వాపు అంటారు. వీటిలో ఇంటర్‌ల్యూకిన్ 5 ఎముక మూలుగలో ఇసినోఫిల్ కణాలను ఎక్కువగా పుట్టించి, అవి చనిపోకుండా కాపాడుతుంది. రక్తంలో పెరిగిన అంకె దాని నీడ. కొందరిలో, ముఖ్యంగా తూర్పు ఆసియా దేశాల రోగులలో, న్యూట్రోఫిల్ కణాల వాపు ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి రకం వారికి స్టెరాయిడ్ మందులు బాగా పనిచేస్తాయి. అయితే ఆపరేషన్ చేసి కండ తీసేసినా మళ్లీ పెరిగే అవకాశం కూడా వారిలోనే ఎక్కువ. ఈ తేడా ముందే తెలిస్తే చికిత్సను దానికి తగినట్లు నడపవచ్చు.

ఇసినోఫిల్‌ను సూక్ష్మదర్శినిలో ఒక్కసారి చూసినవారు మరిచిపోరు. లీష్మన్ రంగు వేసిన స్లైడు మీద గులాబీరంగు ఎర్రకణాల నడుమ కళ్లజోడు అద్దాల్లాంటి రెండు తమ్మెల కేంద్రకం కనిపిస్తుంది. దాని చుట్టూ నారింజ ఎరుపు గింజలు కిక్కిరిసి ఉంటాయి. 1879లో జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ఈ గింజలు ఇయోసిన్ అనే రంగును పీల్చుకుంటాయని గమనించి ఆ పేరు పెట్టారు. ఆ గింజలలో ఉన్న ప్రోటీన్లు పురుగులను చంపడానికి ఉద్దేశించినవి. అవే ముక్కు పొర మీద విడుదలైతే పొర దెబ్బతిని, నీరు నిండి వాస్తుంది.

ఇప్పుడు కాగితం చేతిలోకి తీసుకోండి. సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, రిపోర్టులో మొత్తం తెల్లకణాల సంఖ్య ఒకచోట, వాటిలో ఏ రకం ఎంత శాతమో మరొకచోట ఉంటాయి. శాతాన్ని మాత్రమే చూడకూడదు. మొత్తం తెల్లకణాలు 8,400, ఇసినోఫిల్స్ 9 శాతం అనుకోండి. 8,400ను 9తో గుణించి 100తో భాగిస్తే ఒక మైక్రోలీటరు రక్తంలో 756 కణాలు ఉన్నట్లు తేలుతుంది. దీనినే ఏఈసీ అంటారు. మొత్తం కణాలు 4,500 మాత్రమే ఉన్నవారికి అదే 9 శాతం 405 మాత్రమే అవుతుంది. సాధారణంగా ల్యాబులు 500 దాకా మామూలే అని ముద్రిస్తాయి. అయితే పాలిప్‌ల విషయంలో వైద్యులు చూసే గీత అంతకంటే కింద ఉంటుంది. యూరప్ వైద్యుల మార్గదర్శకాలు టైప్ 2 వాపుకు గుర్తుగా 2020లో 250 కణాలను తీసుకున్నాయి. 2023లో ఆ గీతను 150కి దించాయి. కాబట్టి రిపోర్టులో అంకె పక్కన నక్షత్రం గుర్తు లేదు కనుక తమకు ఏమీ లేదని రోగి నిర్ణయించుకోవడం సరికాదు.

మన చిన్న ఊళ్లలో ఇంకొక చిక్కు ఉంది. చాలా ల్యాబులలో ఉన్నవి తెల్లకణాలను మూడు గుంపులుగా మాత్రమే విడదీసే యంత్రాలు. ఆ రిపోర్టులో లింఫోసైట్లు, మిడ్, గ్రాన్ అని మూడు పేర్లే ఉంటాయి. ఇసినోఫిల్స్ ఎక్కడా విడిగా కనబడవు. అలాంటి కాగితం మీకు వస్తే స్లైడు చదివి ఇసినోఫిల్స్ లెక్కించమని గానీ, అయిదు రకాలు విడదీసే యంత్రంలో ఏఈసీ చేయమని గానీ అడగండి. పరగడుపున రావలసిన పని లేదు. ఊదా మూత గొట్టంలో తీసిన ఆ కొద్దిపాటి రక్తమే చాలు. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రులలో నిదాన్ పథకం కింద సాధారణ రక్తపరీక్షలు ఉచితంగా చేస్తారు. అక్కడ కూడా ఏఈసీ అని చీటీ మీద విడిగా రాయించుకోవడం మంచిది.

స్లైడు చదివేవాడిగా మరొక విషయం చెప్పడం నా బాధ్యత. మేము సాధారణంగా 100 తెల్లకణాలను లెక్కపెట్టి శాతం రాస్తాం. వందలో అయిదు కనిపించాయంటే నిజమైన శాతం ఒకటి నుంచి పన్నెండు దాకా ఎక్కడైనా ఉండవచ్చు. వంద కణాల లెక్కకు ఆ మాత్రం ఊగిసలాట సహజం. అందువల్ల పోయిన నెల 4 శాతం ఉండి ఈ నెల 7 శాతం వచ్చిందని భయపడకూడదు, 7 నుంచి 4కు దిగిందని మందు పనిచేసినట్లు సంతోషించకూడదు. రెండు మూడు పరీక్షలు ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో, ఇంచుమించు ఒకే వేళకు చేయించి పోల్చుకోవాలి. వేళ ఎందుకంటే, మన శరీరంలో కార్టిసాల్ ఉదయం ఎక్కువగా ఉంటుంది కనుక ఇసినోఫిల్స్ ఆ పూట తగ్గి, రాత్రికి పెరుగుతాయి.

మా చిన్నమ్మ కొడుకు విషయంలో నేను చేసిన పొరపాటు ఇక్కడ చెప్పాలి. అతనికి గుణుపురం దగ్గర కిరాణా కొట్టు ఉంది. ముక్కు పూర్తిగా మూసుకుపోయి రాత్రుళ్లు నోటితో గాలి పీలుస్తూ, పప్పు మాడిన వాసన కూడా తెలియక ఇబ్బంది పడుతుండేవాడు. ఒకరోజు రక్తపరీక్షకు నా దగ్గరికే వచ్చాడు. మొత్తం కణాలు 11,200, ఇసినోఫిల్స్ 1 శాతం, అంటే 112 అని తేలింది. నేను అలాగే రాసి ఇచ్చాను. ఆ కాగితం చూసిన వైద్యులు ఇది అలర్జీ తరహా కాదని భావించి యాంటీబయాటిక్ మందులు రాశారు. నెల దాటినా గుణం కనబడకపోతే అప్పుడు కూర్చోబెట్టి అడిగాను: "తమ్ముడూ, ఆ రక్తం ఇచ్చే ముందు ఏమైనా మాత్రలు వేసుకున్నావా?" ఒక మందుల దుకాణంలో ఆయాసానికని ఇచ్చిన చిన్న తెల్ల మాత్రలు అయిదు రోజులు మింగానని, రేకు ఇంకా ఇంట్లోనే ఉందని చెప్పాడు. తెచ్చి చూపిస్తే అది ప్రెడ్నిసొలోన్. ఆరు వారాల తరువాత మళ్లీ చేస్తే మొత్తం 8,400, ఇసినోఫిల్స్ 11 శాతం, అంటే 924. అదే మనిషి, అదే ముక్కు. ఆ రోజు ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అతనికి ఆ నెల కలిసివచ్చేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

మింగే స్టెరాయిడ్ గానీ సూది ద్వారా ఇచ్చే స్టెరాయిడ్ గానీ కొన్ని గంటలలోనే ఇసినోఫిల్స్‌ను రక్తం నుంచి తరిమేస్తుంది. అదే సమయంలో న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుంది కనుక మొత్తం సంఖ్య పెరిగి, ఇన్ఫెక్షన్ ఉన్నట్లు కనిపిస్తుంది. అందుకే స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే రక్తం ఇవ్వడం ఉత్తమం. ఇప్పటికే వాడి ఉంటే కోర్సు ముగిశాక నాలుగు వారాలు ఆగడం మేలు. పరీక్ష కోసమని ఆస్తమా మందును ఎవరూ తమంతట తాము ఆపకూడదు. ముక్కులో కొట్టుకునే స్ప్రే ప్రభావం రక్తం మీద స్వల్పం కనుక దానిని ఆపనవసరం లేదు. సెటిరిజిన్ వంటి అలర్జీ మాత్రలు చర్మం మీద చేసే అలర్జీ పరీక్షను చెడగొడతాయి గానీ ఈ లెక్కను చెడగొట్టవు. జ్వరంలో ఉండగా కూడా పరీక్ష వద్దు. టైఫాయిడ్‌లో ఇసినోఫిల్స్ దాదాపు మాయమవుతాయన్నది స్లైడు చదివే ప్రతివారికీ తెలిసిన విషయం. ఇతర తీవ్రమైన బాక్టీరియా జ్వరాలలోనూ అవి తగ్గుతాయి.

తగ్గించేవాటి మాట అది. పెంచేవాటి మాట మన ప్రాంతంలో ఇంకా ముఖ్యం. ఊడ్పుల కాలంలో చెప్పులు లేకుండా మళ్లలో దిగేవారికి, కొండ ఊళ్లలో ఆరుబయటకు వెళ్లేవారికి కొంకిపురుగు, ఏలికపాములు, స్ట్రాంగిలాయిడ్స్ అనే సన్నపురుగు సోకడం అరుదు కాదు. గంజాం తీరంలోనూ, పక్కనున్న శ్రీకాకుళం వైపూ బోదకాలు పురుగు పాత సమస్యే. ఇవన్నీ ఇసినోఫిల్స్‌నూ, అలర్జీలో పెరిగే ఐజీఈ అనే రక్షక ప్రోటీన్‌నూ పెంచుతాయి. ముక్కులో కండ ఉన్న మనిషికి 800 వచ్చిందంటే అందులో ముక్కు వాటా ఎంత, పేగు వాటా ఎంత అన్నది కాగితం చూసి చెప్పలేము. అందువల్ల మలపరీక్ష చేయించాలి, అదీ వేరువేరు రోజులలో మూడు నమూనాలతో, ఎందుకంటే ఒక్క నమూనాలో పురుగు తప్పించుకుపోవచ్చు. వైద్యుల సలహాతో పురుగుల మందు తీసుకున్నాక రెండు మూడు నెలలకు ఏఈసీ మళ్లీ చూస్తే మిగిలినది దేనిదో చాలావరకు తేలుతుంది.

స్ట్రాంగిలాయిడ్స్ విషయం ప్రత్యేకంగా చెప్పక తప్పదు. ఈ పురుగు ఒంట్లో ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండగలదు. అలాంటి మనిషికి ముక్కు కండ కరగడానికని స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే పురుగు ఒళ్లంతా వ్యాపించి ప్రాణం మీదికి రావచ్చు. మింగే స్టెరాయిడ్ మొదలుపెట్టే ముందు, ముఖ్యంగా ఇసినోఫిల్స్ ఎక్కువగా ఉండి పొలం పని చేసేవారి విషయంలో, ఈ అనుమానం తీర్చుకోమని వైద్యులను అడగడం మన హక్కు. చక్కెర జబ్బు, పాత క్షయ ఉంటే ఆ మాట కూడా అప్పుడే చెప్పాలి.

లెక్క 3,000 దాటి, రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉంటే ముక్కు కంటే ముందు ఊపిరితిత్తుల వైపు చూడాలి. బోదకాలు పురుగు వల్ల వచ్చే ట్రాపికల్ ఇసినోఫీలియా అలా కనిపిస్తుంది, దాని మందు డైఇథైల్‌కార్బమజైన్. బోదకాలు పురుగుల కోసం రక్తం తీసేది రాత్రి పది తరువాతే, ఎందుకంటే ఆ పిల్లపురుగులు రక్తంలోకి వచ్చే వేళ అది. అయితే ట్రాపికల్ ఇసినోఫీలియాలో అవి రక్తంలో కనబడకపోవడమే మామూలు కనుక, స్లైడు ఖాళీగా ఉందని ఆ జబ్బును తోసిపుచ్చకూడదు.

ఐజీఈ పరీక్ష ధర ఎక్కువ, చెప్పేది ఏఈసీ కంటే కొంచెమే అదనం. పెద్దవారిలో 100 యూనిట్లు దాటితే టైప్ 2 వైపు ఒక గుర్తుగా వైద్యులు తీసుకుంటూ వచ్చారు. పురుగులు, దుమ్ము అలర్జీ, తామర (ఎగ్జిమా) అన్నీ దానిని పెంచుతాయి. ఐజీఈ మీద డబ్బు పెట్టడం నిజంగా అవసరమయ్యేది బూజు అనుమానం ఉన్నప్పుడు. ముక్కులోంచి జిగురుగా, వేరుశనగ ముద్దలాంటి గోధుమరంగు గళ్ల వస్తుంటే, స్కానులో సైనస్ గదులు దట్టంగా నిండి కనిపిస్తే బూజు వల్ల కలిగే అలర్జీ సైనసైటిస్‌ను అనుమానించి మొత్తం ఐజీఈతో పాటు ఆస్పర్జిలస్ అనే బూజుకు ప్రత్యేకమైన ఐజీఈని కూడా చేయిస్తారు. ఉత్తర భారతంతో పాటు మన వైపు కూడా ఈ రకం రోగులు కనిపిస్తూనే ఉంటారు.

ఈఎస్ఆర్, సీఆర్పీలను చాలామంది వాపుకు కొలబద్దలుగా భావిస్తారు. ముక్కు కండల వాపు పొర దాకానే పరిమితం కనుక ఈ రెండూ ఎక్కువమందిలో మామూలుగానే ఉంటాయి. సీఆర్పీ బాగా పెరిగితే కొత్తగా చీము పట్టిందని గానీ వేరే జబ్బు ఉందని గానీ అనుకోవాలి. ఈఎస్ఆర్‌ను మన జిల్లాలలో మరీ జాగ్రత్తగా చూడాలి. రక్తహీనత దానిని పెంచుతుంది. కోరాపుట్, రాయగడ వైపు ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బులో కొడవలి ఆకారపు కణాలు దొంతరలుగా పేరలేవు కనుక అది అబద్ధంగా తక్కువ చూపిస్తుంది. న్యూట్రోఫిల్, లింఫోసైట్ నిష్పత్తి వంటివాటి మీద పరిశోధన వ్యాసాలు చాలా ఉన్నాయి గానీ ఒక మనిషి చికిత్సను నిర్ణయించడానికి అవి ఇంకా చాలవని నా అభిప్రాయం.

రక్తపు అంకెను మిగతా వివరాలతో కలిపి చూడడానికి జపాన్ వైద్యులు 2015లో వెలువరించిన జెస్రెక్ లెక్క ఒక మంచి నమూనా. జబ్బు రెండు వైపులా ఉంటే 3, పాలిప్ ఉంటే 2, స్కానులో కళ్ల నడుమ ఉండే ఎత్మాయిడ్ గదులు చెంపల సైనస్ గదులతో సమానంగా గానీ అంతకంటే ఎక్కువగా గానీ నిండి ఉంటే 2; రక్తంలో ఇసినోఫిల్స్ 2 దాటి 5 శాతం దాకా ఉంటే 4, 5 దాటి 10 దాకా 8, 10 దాటితే 10. మొత్తం 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే ఇసినోఫిల్ తరహా అని అనుమానిస్తారు. మా తమ్ముడికి రెండు వైపులా ఉంది, పాలిప్ ఉంది, ఎత్మాయిడ్ నిండి ఉంది, 11 శాతం వచ్చింది, మొత్తం 17. మొదటి కాగితంలోని 1 శాతంతో వేసి ఉంటే 7 మాత్రమే వచ్చేది. ఒక రేకు మాత్రలు ఆ పది మార్కులను మాయం చేశాయి. ఈ లెక్క జపాన్ రోగుల మీద తయారైనది కనుక, పురుగుల సంగతి తేల్చుకోకుండా మనకు వర్తింపజేసుకోకూడదు.

ఆస్తమాతో పాటు ముక్కు కండలున్న మనిషికి లెక్క 1,000 దాటి, కాళ్లు చేతులు తిమ్మిరెక్కడం, పాదం పట్టు తప్పడం, చర్మం మీద ఎర్రని మచ్చలు, బరువు తగ్గడం ఉంటే రక్తనాళాల వాపు జబ్బు ఒకదానిని అనుమానించాలి. దానికి ఏఎన్‌సీఏ పరీక్ష, ఛాతీ, మూత్ర పరీక్షలు త్వరగా చేయించాలి. మరికొందరికి ఆస్పిరిన్, డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ మింగిన అరగంట నుంచి మూడు గంటలలోపు ముక్కు దిబ్బడేసి ఆయాసం వస్తుంది. దీనికి నమ్మదగిన రక్తపరీక్ష లేదు. ఒళ్లునొప్పుల మాత్ర వేసుకున్న ప్రతిసారీ ఏమవుతోందో గమనించి వైద్యులకు చెప్పడమే పరీక్ష.

ఆపరేషన్ చేయించుకునేవారు తీసిన కండను పారేయనివ్వకండి. హిస్టోపాథాలజీకి, అంటే సూక్ష్మదర్శిని కింద ముక్కను చూసే పరీక్షకు, పంపమని, ఇసినోఫిల్స్ ఎన్ని ఉన్నాయో అంకెలో రాయమని అడగండి. పెద్ద కటకం కింద ఒక్కో చూపు మేరలో 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే టైప్ 2 అని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి. రక్తంలో మామూలుగా ఉండి కండలో నిండుగా ఉన్నవారినీ నేను చూశాను కనుక, రెండూ ఉంటే ఈ కాగితానిదే పైచేయి. డ్యుపిలుమాబ్, మెపోలిజుమాబ్ వంటి ఖరీదైన సూదిమందుల మాట వచ్చినప్పుడు కూడా వైద్యులు చూసే ఆధారాలలో ఇది ఒకటి. డ్యుపిలుమాబ్ మొదలుపెట్టాక కొందరికి రక్తంలో ఇసినోఫిల్స్ కొంతకాలం పెరుగుతాయి. అది మందు విఫలమైనట్లు కాదు.

బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాలకు గానీ, కోరాపుట్ వైద్య కళాశాలకు గానీ, రైలెక్కి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి గానీ వెళ్లేవారు పాత రిపోర్టులన్నిటినీ తేదీల వరసలో పెట్టి, ఒక్కొక్క దాని వెనుక పెన్నుతో అయిదు సంగతులు రాసుకోండి: రక్తం ఇచ్చిన వేళ, అంతకు ముందు నెలలో మింగిన మాత్రలు, చేయించుకున్న సూదులు, పురుగుల మందు చివరిసారి తీసుకున్న తేదీ, ఆ రోజు జ్వరం ఉందో లేదో. మాత్రల పేరు తెలియకపోతే ఖాళీ రేకునే కాగితానికి పిన్ను చేయండి. ఒడియాలో చెప్పుకోవలసి వస్తే తడబడి, ముక్కు దిబ్బడ ఒక్కటే చెప్పి వాసన సంగతి వదిలేసి వచ్చేవారు చాలామంది. "గంధొ జణా పడునాహిఁ" అన్న మాట చాలు, వాసన తెలియడం లేదని అక్కడి వైద్యులకు అర్థమవుతుంది.